నాన్న మాట్లాడిన ఇంగ్లీషు

మా నాన్న గుంటూరులో మిరపకాయల కమీషను కొట్టులో గుమాస్తాగా పనిచేసేవాడు. మా ఊరు చిలకలూరిపేట దాటాక పర్చూరు వెళ్ళే దారిలో, నల్లరేగడి చేల మధ్య ఉంటుంది. సోమవారం పొద్దున్నే మొదటి బస్సెక్కి వెళ్ళి, శనివారం సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. చదివింది ఎస్సెల్సీ. అందులోనూ ఇంగ్లీషు తప్పాడు. కానీ ఇరవై ఏళ్ళుగా ఉత్తరాది నుంచి కాయలు కొనడానికి వచ్చే సేట్ల మధ్య తిరగడంతో హిందీ నోటికి పట్టింది. టెలిగ్రాములు రాసి, ట్రంకు కాల్స్ మాట్లాడి కొంత ఇంగ్లీషు పోగుచేసుకున్నాడు.

ఆ రెండూ తెలుగులో కలిపి ఆయన మాట్లాడే తీరు మా ఊళ్ళో ఇంకెవరికీ లేదు. "ఠీక్ హై, నో ప్రాబ్లమ్, నేను చూసుకుంటాగా" అనేవాడు. ఎదుటివాడు చెప్పింది నచ్చితే "బిల్కుల్ కరెక్ట్" అనేవాడు. బస్సులో కండక్టరు అందరినీ "ఎక్కడికి?" అని అడిగి, నాన్న దగ్గరకొచ్చేసరికి "ఎక్కడికండీ?" అనేవాడు. ఆ 'అండీ' నాన్న చొక్కాకో చేతి గడియారానికో కాదు, ఆయన మాటకే వచ్చిందని నాకు చిన్నప్పుడే తెలుసు.

ఆయన మాట వల్ల మేలు జరగలేదని అనను. చిలకలూరిపేటలో బ్యాంకుకు ఒక ఉత్తరాది ఆఫీసరు వచ్చాడు. మా వీధి రైతు ఒకాయన కాగితం పట్టుకుని వారం రోజులు తిరిగినా పని కాలేదు. నాన్న వెంట వెళ్ళి హిందీలో మాట్లాడాడు. ఆఫీసరు నవ్వి, కుర్చీ చూపించి, ఆ పూటే సంతకం పెట్టాడు. ఆ రైతు ఏడాది పొడుగునా ఆ కుర్చీ సంగతే చెప్పాడు. అప్పటినుంచి ఆసుపత్రికి వెళ్ళాలన్నా, కరెంటాఫీసుకు వెళ్ళాలన్నా శనివారం సాయంత్రం మా అరుగు మీద ఎవరో ఒకరు నాన్న కోసం కూర్చుని ఉండేవాళ్ళు.

ఇదంతా చూసి ఎక్కువ పొంగిపోయేది అమ్మ కాదు, మా మేనత్త. నాన్నకు అక్క. పెళ్ళయిన నాలుగేళ్ళకే మామయ్య పోతే పుట్టింటికి వచ్చేసింది. పిల్లలు లేరు. వాళ్ళమ్మ ముందే చనిపోవడంతో నాన్నను పెంచింది ఆవిడే. పత్తి ఏరడానికి, కలుపు తీయడానికి వెళ్ళి తమ్ముడిని హైస్కూల్లో చదివించింది. నాన్న ఇంగ్లీషులో తప్పిన రోజున ఊళ్ళో ఒకరిద్దరు "కూలి చేసి దొరను చేద్దామనుకున్నావా?" అని నవ్వారట. అత్తయ్య రెండు రోజులు అన్నం ముట్టలేదని అమ్మ చెప్పేది. అందుకే తమ్ముడు ఇంగ్లీషులో మాట్లాడితే అత్తయ్య చేస్తున్న పని ఆపి మరీ వినేది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. "మావాడు హిందీలో ఒక్క కసురు కసిరితే సేటైనా లేచి నిలబడతాడు" అని బావి దగ్గర చెప్పేది.

నేను పదో తరగతి పాసయ్యాక నాన్న నన్ను గుంటూరులో ఇంటర్మీడియట్‌లో చేర్పించాడు. ఇంగ్లీషు మీడియమే కావాలని పట్టుబట్టాడు. హాస్టల్లో టౌను పిల్లలు 'యాక్చువల్లీ' అనకుండా మాట మొదలుపెట్టేవాళ్ళు కాదు. మూడు నెలల్లో నేనూ అలాగే అయ్యాను. అమ్మ పంపిన పచ్చడి జాడీ విప్పుతూ "మమ్మీ పంపింది" అని చెప్పడం నాకు గుర్తుంది. ఇంట్లో ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. క్లాసులో మాత్రం సగం పాఠం తలమీంచి పోయేది. లెక్చరర్ అడిగితే "ఎస్ సార్" అనేదాన్ని. అర్థమైనట్టు తల ఊపడం నాకు ఒకరు నేర్పనక్కర్లేదు, నాన్న కూతుర్ని.

ఆ ఏడు దసరా సెలవులకు ఇంటికొచ్చాను. ఒక మధ్యాహ్నం అత్తయ్య నన్ను పెరట్లో స్నానాల తడికె వెనక్కి పిలిచింది. నా చెయ్యి తీసుకుని ఎడమ రొమ్ము మీద, చంకకు దగ్గరగా పెట్టుకుంది.

"ఇదేంటో చూడవే. రేగిపండంత ఉంది. నొప్పేం లేదులే."

గట్టిగా, కదలకుండా ఉంది. నాకు ఏమీ తెలియదు కానీ చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "ఎవరికీ చెప్పమాకే, సిగ్గుచేటు" అంది. నేను అమ్మకు చెప్పాను. అమ్మ నాన్నకు చెప్పింది.

"డోంట్ వర్రీ," అన్నాడు నాన్న. "గుంటూర్లో పెద్ద డాక్టరుకే చూపిద్దాం."

సెలవులు అయ్యాక ముగ్గురం కలిసి గుంటూరు వెళ్ళాం. అమ్మ చేలో పని వల్ల రాలేదు. ఆడపిల్ల తోడుంటే అత్తయ్యకు బెరుకు ఉండదని నన్ను లోపలికి కూడా తీసుకెళ్ళారు. డాక్టరు యాభై ఏళ్ళ మనిషి. మంచివారు. అత్తయ్యను చూడగానే చక్కని తెలుగులో, "ఏమ్మా, ఎన్నాళ్ళ నుంచి ఉంది ఇది?" అని అడిగారు.

"వినాయక చవితి ముందునుంచీనండీ, నేను చూసుకోలేదు గానీ..." అని అత్తయ్య మొదలుపెట్టింది.

నాన్న మధ్యలో అందుకున్నాడు. "సిన్స్ టూ మంత్స్ డాక్టర్. నో పెయిన్. షి ఈజ్ మై ఓన్ సిస్టర్."

డాక్టరు తలెత్తి నాన్నను చూశారు. ఇస్త్రీ తెల్లచొక్కా, జేబులో పెన్ను. "ఓ, ఐ సీ" అన్నారు. అంతే, ఆ తర్వాత ఆ గదిలో తెలుగు లేదు.

అత్తయ్యను తెర వెనక్కి తీసుకెళ్ళి పరీక్ష చేశారు. నేను పక్కన నిలబడ్డాను. ఆయన వేళ్ళు ఆ గడ్డ మీద, తర్వాత చంకలో చాలాసేపు ఆగాయి. తిరిగి వచ్చి చేతులు కడుక్కుని, కూర్చుని, నాన్నతో ఇంగ్లీషులో మాట్లాడడం మొదలుపెట్టారు. ఆయన ఆగిన చోటల్లా నాన్న "ఎస్ డాక్టర్" అన్నాడు. అత్తయ్య కుర్చీ అంచున కూర్చుని ఒకసారి డాక్టరు ముఖం, ఒకసారి తమ్ముడి ముఖం చూస్తోంది. ఒక పెద్ద డాక్టరు తన తమ్ముడితో సమానంగా అంతసేపు ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. తన జబ్బు గురించి మాట్లాడుతున్నారన్న సంగతే ఆమెకు గుర్తున్నట్టు లేదు.

ఆయన అన్న మాటల్లో ఒకటి నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "అన్‌టిల్ వియ్ డూ ద బయాప్సీ, ఐ కెనాట్ సే దేరీజ్ నథింగ్ టు వర్రీ." ముక్క తీసి పరీక్ష చేసేదాకా భయపడాల్సిందేమీ లేదని తాను చెప్పలేనని దాని అర్థం. తర్వాత ఆమెను మళ్ళీ తీసుకురమ్మంటూ, చివర్లో "వితిన్ ఎ వీక్" అన్నారు. బయాప్సీ అన్న మాట నేను అంతకుముందు వినలేదు. మిగతాది సగం సగం అందింది.

"అండర్‌స్టుడ్?" అని అడిగారు డాక్టరు.

"ఎస్, ఎస్. థాంక్యూ డాక్టర్," అన్నాడు నాన్న.

బయట హాల్లో వరసగా కూర్చున్న జనం ముందే అత్తయ్య అడిగింది. "ఏమన్నాడ్రా?"

"నథింగ్ టు వర్రీ అన్నారు. మనిషి బాగా వీక్‌గా ఉందట. టానిక్ రాశారు."

అత్తయ్య పక్కనున్న ఆవిడ వైపు తిరిగింది. "మా తమ్ముడండీ. డాక్టరుగారితో ఎంతసేపు మాట్లాడాడో చూశారా? అంతా ఇంగ్లీషే."

మందుల షాపులో కుర్రాడు టానిక్కూ మాత్రలూ కవర్లో వేసి, చీటీ తిరిగిస్తూ "కింద ఇంకేదో రాశారండీ" అన్నాడు.

"ఐ నో, ఐ నో," అని నాన్న చీటీ మడిచి అత్తయ్య చేతికిచ్చాడు.

బస్టాండులో అత్తయ్య పంపు దగ్గరకు నీళ్ళు తాగడానికి వెళ్ళింది. నేను నాన్నకు దగ్గరగా జరిగాను.

"నాన్నా, వారంలోపల మళ్ళీ రమ్మన్నారేమో?"

"ఎవరన్నారు?"

"వీక్ అన్నారుగా... వారం అనుకుంటా."

నాన్న నవ్వాడు. కోపం రాలేదు. "వీక్ అంటే నీరసమే, పిచ్చిదానా. నువ్వు కాలేజీలో చేరి నాలుగు నెల్లు కాలా. నేను ఇరవయ్యేళ్ళ నుంచి మాట్లాడుతున్నా."

అత్తయ్య మూతి తుడుచుకుంటూ వచ్చింది. ముఖం కళకళలాడుతోంది. ఆ ముఖం ముందు నేను ఇంకో మాట అనలేకపోయాను. అనలేకపోయానని చెప్పడం కూడా పూర్తి నిజం కాదు. నాకు వచ్చిన ఇంగ్లీషు మీద నాకే నమ్మకం లేదు. పైగా నాన్న చెప్పిందే నిజమైతే ఎంత బాగుంటుంది అనిపించింది. వాళ్ళిద్దరూ ఊరి బస్సెక్కారు. నేను హాస్టల్‌కు వెళ్ళిపోయాను. డిక్షనరీ లైబ్రరీలో ఉంది. బయాప్సీ అన్న మాట వెతకడానికి ఒక్క నిమిషం పట్టేది. నేను వెతకలేదు.

జనవరిలో కాయ కోతలు మొదలయ్యాయి. కొట్టులో నాన్నకు ఊపిరి సలపని పని. కొన్ని వారాలు ఇంటికే రాలేదు. నేను నెలకోసారి వచ్చేదాన్ని. అత్తయ్య కళ్ళంలో ఎర్రగా పరిచిన కాయల మధ్య కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ ఉండేది. "ఎలా ఉంది అత్తయ్యా?" అంటే "ఏం లేదన్నారుగా" అనేది. టానిక్కు సీసా అయిపోతే నాన్న ఇంకోటి తెచ్చాడు. అదీ అయిపోయింది.

మార్చిలో ఒకరోజు అత్తయ్య కాయల గంప నెత్తికెత్తుకోబోయి ఎడమ చెయ్యి లేవక కింద పెట్టేసింది. అమ్మ దగ్గరకెళ్ళి చూసింది. చెయ్యి మోచేతి దాకా వాచి ఉంది. ఇంట్లోకి తీసుకెళ్ళి రవిక విప్పించింది. అమ్మ తర్వాత చెప్పింది, గడ్డ నిమ్మకాయంత అయిందని, దాని మీద చర్మం ముడతలు పడి లోపలికి లాక్కుపోయిందని.

"ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదు వదినా?" అని అమ్మ ఏడ్చిందట.

"ఏం లేదని డాక్టరు వాడికి చెప్పాడు కదమ్మా. మళ్ళీ మళ్ళీ చెబితే వాడి మాట నమ్మనట్టు ఉండదూ?" అందట అత్తయ్య.

అమ్మ ఈసారి తనే బయలుదేరింది. గుంటూరులో ఒక ఆడ డాక్టరు దగ్గరకు తీసుకొచ్చి, కొట్టుకూ హాస్టల్‌కూ కబురు పెట్టి నాన్ననూ నన్నూ పిలిపించింది. అత్తయ్య పాత చీటీని ప్లాస్టిక్ కవర్లో మడిచి దాచుకుంది. తమ్ముడు తీసుకెళ్ళి చూపించినప్పటి చీటీ అది. దాన్నే డాక్టరమ్మకు ఇచ్చింది.

డాక్టరమ్మ అత్తయ్యను చూసి వచ్చి ఆ చీటీ చదివింది. కింది వరస దగ్గర ఆగింది. నాన్న వైపు చూసి నెమ్మదిగా తెలుగులోనే అడిగింది.

"ఇక్కడ రాశారు కదండీ, వారంలోపల ముక్క పరీక్షకు తీసుకురమ్మని. అక్టోబరులో రాసిన చీటీ ఇది. ఎందుకు తీసుకురాలేదు?"

బయట రిక్షా గంట వినపడుతోంది. నాన్న జేబులో పెన్ను తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నాకు అర్థం కాలేదండి," అన్నాడు.

నా జీవితంలో ఆ మాట ఆయన నోట అంతకుముందు వినలేదు. చాలా చిన్నగా అన్నాడు. కానీ అత్తయ్యకు వినపడింది. ఆమె తమ్ముడిని చూసింది. ఆ చూపు ఎంతసేపు ఉందో నేను చెప్పలేను. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి గట్టిగా, ఊళ్ళో మాట్లాడినట్టే మాట్లాడింది.

"వాడికి అర్థం కాకపోవడమేందమ్మా. వాడికన్నీ తెలుసు. రమ్మనే అన్నాడు. నేనే రానన్నా. కోతల టైములో ఆసుపత్రులేందిరా అని నేనే మొండికేశా."

"అక్కా..." అన్నాడు నాన్న.

"నువ్వుండరా. నిజం చెప్పనీ."

డాక్టరమ్మ చీటీ మడిచి పక్కన పెట్టింది. అమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఆ గదిలో అబద్ధం చెప్పింది ఒక్క అత్తయ్యే. ఆమె ఒక్కతే తలెత్తుకుని కూర్చుంది.

ఆపరేషన్ చేశారు. చంకలోకి, ఇంకా లోపలికి పాకిందని చెప్పారు. కరెంటు పెట్టించాం, రేడియేషన్‌ను మావైపు అలాగే అంటారు. జుట్టు పలచబడి, ఒంటి రంగు మారి, అత్తయ్య ఇంటికి వచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ అదే మాట చెప్పింది. "వాడు మొదట్లోనే పోదాం రా అన్నాడు. నేనే వినలా. నా ఖర్మ." ఊరంతా నమ్మింది. కొందరు ఆమె ముందే ఆమెను తిట్టారు కూడా. "అంత చదువుకున్న తమ్ముడు చెబితే వినకపోతివా?" అన్నారు. ఆమె నవ్వి ఊరుకునేది. నాన్న ఆ మాటలు వినలేక గొడ్లసావిట్లోకి వెళ్ళిపోయేవాడు.

ఇంటికొస్తే ఆయన మంచం పక్కనే కూర్చునేవాడు. జావ ఆయనే పట్టేవాడు. మాటల్లో 'ఠీక్ హై' పోయింది, 'నో ప్రాబ్లమ్' పోయింది. ఏది అడిగినా "ఊఁ", "సరే" అని ఊరుకునేవాడు. అది గమనించి బాధపడింది అత్తయ్యే. ఒకరోజు నేనుండగానే అడిగింది. "ఒరేయ్, ఆ సేటుగారి సంగతులేమన్నా చెప్పరాదూ? ఆయన ఏమన్నాడు, నువ్వేమన్నావు... ఆ హిందీలోనే చెప్పు."

నాన్న జావ గిన్నె కింద పెట్టాడు. లేచి బయటకు వెళ్ళాడు.

అత్తయ్య నన్ను చూసి, "పోనీ నువ్వు చెప్పవే, మీ కాలేజీలో మాట్లాడతారే, అది" అంది. నేను ఏదో పాఠంలోంచి నాలుగు వాక్యాలు అప్పజెప్పాను. చెట్ల మీదో నది మీదో రాసిన పాఠం. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. "బాగుందే" అంది. అదే ఆమెతో నేను కడసారి మాట్లాడిన రోజు. కార్తీకమాసంలో ఒక ఉదయం హాస్టల్‌కు కబురు వచ్చింది.

కర్మలన్నీ అయ్యాక ఒక మనిషి మా ఇంటికి వచ్చాడు. ఊరి అవతల పేటలో చర్చి పక్కన ఉండేవాడు, మా చేలోకి కూలికి వచ్చేవాడు. భార్యకు ఒంట్లో బాగోలేదట.

"అయ్యా, గుంటూరు డాక్టరుతో మీరొచ్చి రెండు ముక్కలు మాట్లాడితే..."

"నేను రాను," అన్నాడు నాన్న. "నువ్వే చెప్పుకో. నీ మాటలోనే చెప్పుకో. వాళ్ళేం చెప్పారో అర్థమయ్యేదాకా అడుగు. తిట్టినా అడుగు."

ఆ మనిషికి ఇది కొత్త. కాస్త చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. అక్క పోయాక ఆయనకు మనుషులంటే గిట్టడం లేదని ఊళ్ళో అనుకున్నారు. పెద్దరికం పెరిగిందని కూడా అన్నారు. మా అరుగు మీద కూర్చునేవాళ్ళు మెల్లగా తగ్గిపోయారు.

నేను హాస్టల్‌కు తిరిగి వెళ్ళే ముందు రోజు, నాన్న పొలంలో ఉంటే అన్నం తీసుకెళ్ళాను. పత్తి విచ్చుకుని ఉంది. గట్టు మీద కూర్చుని తిన్నాడు. గిన్నె కడుగుతూ, అప్పటిదాకా దాచుకున్నది చెప్పేశాను.

"నాన్నా, ఆ రోజు డాక్టరు చెప్పింది నాకు కొంత అర్థమైంది. నేను గట్టిగా చెప్పలేదు."

ఆయన నా వైపు చూడలేదు.

"నువ్వు చెప్పావమ్మా. బస్టాండులో చెప్పావు. నువ్వు అడిగింతర్వాతే నాకు అనుమానం తగిలింది."

నేను గిన్నె కింద పెట్టాను.

"రెండుసార్లు వెళ్ళాను," అన్నాడు. "కొట్టు నుంచి నడిచి ఆ ఆసుపత్రి మెట్ల దాకా వెళ్ళాను. పైకెళ్ళి 'అయ్యా, మీరు చెప్పింది నాకు తెలియలేదు, తెలుగులో చెప్పండి' అని అడగాలి. అంతే. ఆయన నన్ను చదువుకున్నవాడిననుకున్నాడు గదా, ఇప్పుడెట్టా అడిగేది అనుకున్నా. రెండుసార్లూ వెనక్కి వచ్చేశా. తర్వాత కాయల సీజను వచ్చింది. మర్చిపోదామనుకున్నా. మర్చిపోయా కూడా."

ఆయన ఏడవలేదు. తలపాగా గుడ్డ విప్పి ముఖం తుడుచుకుని, మళ్ళీ చుట్టుకున్నాడు. నేను చెయ్యి పట్టుకోబోతే వద్దన్నట్టు లేచి నిలబడ్డాడు.

"ఈ మాట మీ అమ్మకు చెప్పొద్దు," అన్నాడు.

చెప్పలేదు. అమ్మ పోయేదాకా చెప్పలేదు.